స్లాబు మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం: కన్నం నుంచి కనెక్షన్ దాకా

"వంటింటికి రెండు పక్కలా పక్కిళ్ల గోడలే, పొగ పైకి పంపడం తప్ప వేరే దారి లేదు, స్లాబుకి కన్నం పెట్టొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. బాత్‌రూమ్ వెంటిలేటర్ ఉన్న వైపే పక్కవాళ్లు గోడ లేపేస్తే ఏం చేయాలో తెలియక అడిగేవాళ్లూ ఉన్నారు. పెట్టొచ్చు. కాకపోతే ఫ్యాన్ బిగించడం ఇందులో గంట పని, మిగతా రోజులన్నీ కన్నానికీ వాన నీళ్లకీ పోతాయి. ఆ పని మేస్త్రీకి వదిలేసి మనం కిందే కూర్చుంటే మొదటి వానకే సీలింగ్ మీద గోధుమరంగు మచ్చ తేలుతుంది. మా వంటింట్లో తేలింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది పై అంతస్తులో, ఆర్‌సీసీ స్లాబు కింద ఉన్న వంటింటికీ బాత్‌రూమ్‌కీ పనికొచ్చే పద్ధతి. రేకుల కప్పుకి పద్ధతి వేరు, దాని గురించి చివర్లో నాలుగు ముక్కలు చెప్పాను.

1. అసలు మీకు ఇది అవసరమా?

బయటి వైపు గోడ ఒక్కటైనా ఉంటే ఫ్యాన్ ఆ గోడకే పెట్టుకోండి. గోడకి పెట్టిన కన్నం లీకైతే చిన్న మచ్చ పడుతుంది, స్లాబుకి పెట్టింది లీకైతే గది పాడవుతుంది.

"ఎండాకాలంలో పై అంతస్తు కొలిమిలా ఉంటోంది, ఈ ఫ్యాన్ పెడితే చల్లబడుతుందా?" అని అడిగేవాళ్లకి నా జవాబు: దానికోసమే అయితే పెట్టొద్దు. వేడెక్కిన స్లాబు మన మీదకి నేరుగా వేడిని కక్కుతుంది, గదిలో గాలి మార్చినంత మాత్రాన అది ఆగదు. పైగా మధ్యాహ్నం బయట 43 డిగ్రీలున్నప్పుడు ఫ్యాన్ వేస్తే కిటికీలోంచి ఆ వడగాలే లోపలికి వస్తుంది. రాత్రి బయట చల్లబడ్డాక కిటికీలు తీసి వేసుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది, అంతే. స్లాబు వేడికి మందు వేరు: పైన తెల్ల పూత, కూల్ టైల్స్, నీడ.

ఇంకో మాట, దీన్ని దాటెయ్యొద్దు. బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే అక్కడ ఎగ్జాస్ట్ పెట్టే ఆలోచన ఆపి, ముందు గీజర్‌ని బయటికి మార్చండి. తలుపు మూసిన చిన్న గదిలో ఫ్యాన్ గాలి లాగేస్తుంటే, గీజర్ పొగ గొట్టంలోంచి బయటికి పోవాల్సిన గాలి వెనక్కి తిరిగి లోపలికే రావొచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగూ ఉండదు. స్నానానికి వెళ్లిన మనిషి స్పృహ తప్పి పడిపోయేదాకా ఎవరికీ తెలియదు.

2. మీ స్లాబు ఎలాంటిదో తెలుసుకోండి

మామూలు ఇళ్లలో స్లాబు మందం 4 నుంచి 6 అంగుళాలు ఉంటుంది. దాని మీద వాలు కోసం వేసిన కాంక్రీటు, టైల్స్ కలిపితే ఇంకో 2 నుంచి 4 అంగుళాలు. కన్నం ఈ మొత్తం దాటాలి.

కింద చెప్పిన వాటిలో ఏదైనా మీదైతే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా మెషీన్ ఆన్ చేయనివ్వొద్దు:

☐ పాతకాలపు మద్రాసు డాబా (చెక్క దూలాలు, వాటి మీద ఇటుకలు, సున్నం)
☐ కొత్త అపార్ట్‌మెంట్లలో వచ్చే పోస్ట్ టెన్షన్డ్ స్లాబు. ఇందులో బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి, ఒకటి తెగితే ప్రాణాపాయం
☐ ఇప్పటికే పెచ్చులు ఊడి ఊచలు తుప్పుతో బయటపడిన స్లాబు
☐ గోడ దాటి గాల్లోకి వచ్చిన భాగం, అంటే బాల్కనీ, సజ్జ. ఇక్కడ బరువు మోసే ఊచలు పై పొరలో ఉంటాయి, వాటిని కోయకూడదు

అపార్ట్‌మెంట్ అయితే సీలింగ్ మీ సొంతమే అయినా దాని పైనున్న టెర్రస్ అందరిదీ. అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బిల్డర్ వాటర్‌ప్రూఫింగ్‌కి గ్యారంటీ ఇచ్చి ఉంటే, మీ కన్నం తర్వాత అది చెల్లుతుందో లేదో కూడా ముందే అడగండి. పని అయ్యాక గొడవ పడటం కంటే ఇది తేలిక.

3. చోటు ఎంచుకోవడం

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పొయ్యికి సరిగ్గా పైన పెట్టేద్దాం అనుకుంటారు, అక్కడ చూస్తే బీమ్ ఉంటుంది, లేదా పైన వాన నీళ్లు పోయే గొట్టానికి పక్కనే ఉంటుంది.

కింద నుంచి చూడాల్సినవి. బీమ్, గోడ, పిల్లర్ దగ్గర్నుంచి కనీసం అడుగున్నర జరగండి. సీలింగ్ ఫ్యాన్ హుక్కు నుంచి స్విచ్‌బోర్డు వైపు స్లాబు లోపల కరెంటు పైపు పోయి ఉంటుంది, ఆ రెండింటి మధ్యా ఒక గీత ఊహించుకుని దానికి దూరంగా ఉండండి. పైపు ఎప్పుడూ నిక్కచ్చిగా గీతలా పోదు కాబట్టి రెండు పక్కలా మరో అడుగు వదలండి.

కొత్త ఇల్లయితే స్లాబు వేసే ముందు సెంట్రింగ్ మీద ఊచలు, పైపులు పరిచినప్పుడు తీసిన ఫొటోలు ఫోన్లో ఎక్కడో ఉంటాయి, వెతకండి. ఆ ఒక్క ఫొటో వంద అంచనాల పెట్టు. లేకపోతే రీబార్ డిటెక్టర్ (స్లాబు లోపల ఊచలు ఎక్కడున్నాయో చూపే పరికరం) ఉన్న వాళ్లని పిలిపించండి. మామూలు ఇళ్లలో 8 ఎంఎం ఊచలు 5, 6 అంగుళాల ఎడంలో ఉంటాయి కాబట్టి 6 అంగుళాల కన్నానికి ఏదో ఒక ఊచ తగలడం దాదాపు ఖాయం. అటూ ఇటూ రెండంగుళాలు జరిపితే తెగేది ఒకటి తగ్గుతుందా అని చూడండి. రెండు కంటే ఎక్కువ తెగేలా ఉంటే ఆగి ఇంజినీర్‌కి చూపించండి.

పైన నుంచి చూడాల్సినవి. మేడ మీద బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. నీళ్లు పారే దారిలోనూ, నిలిచే పల్లంలోనూ కన్నం వద్దు. నీళ్ల ట్యాంకు ఓవర్‌ఫ్లో పడే చోటు వద్దు. పిట్టగోడకి మరీ ఆనించి వద్దు, మధ్యలో చెయ్యి దూరకపోతే అక్కడ వాటర్‌ప్రూఫింగ్ కుదరదు. కిటికీలకి, కూలర్‌కి పదడుగుల దూరం ఉంచండి, లేకపోతే పంపిన పొగ మళ్లీ ఇంట్లోకే వస్తుంది. సోలార్ పలకల మీద దీని నీడ పడకూడదు. మీ ఇంట్లో మేడ మీద వడియాలు, మామిడి ముక్కలు ఎక్కడ ఆరబెడతారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి మరీ పెట్టండి, తాలింపు జిడ్డు వాటి మీద పడితే మీకు వంటింట్లో కంటే పెద్ద పొగ పుడుతుంది.

4. ఎంత ఫ్యాన్ కావాలి

లెక్క చిన్నదే. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించండి. వంటింటికి ఆ గాలి గంటకి 15 సార్లు మారాలి, బాత్‌రూమ్‌కి 8 సార్లు చాలు.

10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటిల్లు అనుకుందాం. 800 ఘనపుటడుగులు. 15 తో గుణిస్తే 12,000. దాన్ని 60 తో భాగిస్తే నిమిషానికి 200 ఘనపుటడుగులు, అంటే 200 సీఎఫ్‌ఎం. దాన్ని 1.7 తో గుణిస్తే గంటకి 340 ఘనపు మీటర్లు. పైపు, జాలి, టోపీ (పైపు నోట్లో వాన పడకుండా పెట్టే మూత) కలిసి కొంత గాలిని తినేస్తాయి కాబట్టి 30 శాతం కలుపుకుని 450 దగ్గర ఉన్న ఫ్యాన్ కొనండి. దీనికి 6 అంగుళాల పైపు సరిపోతుంది. చిన్న బాత్‌రూమ్‌కి ఇదే లెక్క వేస్తే గంటకి 70, 80 ఘనపు మీటర్లే వస్తుంది, దానికి 4 అంగుళాల పైపు చాలు.

షాపులో అమ్మే మామూలు రెక్కల ఎగ్జాస్ట్, గోడకి పెట్టేది, పైపు మీద పెడితే పెద్ద శబ్దం చేస్తూ కొంచెమే లాగుతుంది. ఒత్తిడి తట్టుకునే రకం కాదది. మీకు కావాల్సింది రెండింటిలో ఒకటి: మేడ మీద కన్నం చుట్టూ కట్టే గట్టుపై మూతలా కూర్చునే రూఫ్ ఎక్స్‌ట్రాక్టర్, లేదా పైపు మధ్యలో బిగించే ఇన్‌లైన్ ఫ్యాన్, దానికి పైన ఒక టోపీ. నా ఓటు మొదటిదానికే, ఎందుకంటే మోటార్ శబ్దం పైనే ఉండిపోతుంది, రిపేరుకి సీలింగ్ విప్పక్కర్లేదు. కోతులు బాగా తిరిగే ఊరైతే మాత్రం ఇన్‌లైన్ రకమే నయం, పైన టోపీ ఒక్కటే ఉంటుంది, పీకినా పెద్ద నష్టం లేదు.

కొనేముందు అడగాల్సినవి: మోటార్‌కి బాల్ బేరింగ్ ఉందా, షాఫ్ట్ నిలువుగా ఉండేలా బిగించొచ్చని మాన్యువల్‌లో ఉందా (కొన్ని బుష్ మోటార్లు నిలువుగా పెడితే తొందరగా అరుగుతాయి), వాన తడికి తట్టుకునే ఐపీ రేటింగ్ ఉందా, ఆగినప్పుడు మూసుకునే షట్టర్ ఉందా. వంటింటికైతే, ఆవిరి వేడి, జిడ్డు తట్టుకుంటుందా అనేది కూడా.

5. ఎప్పుడు చేయాలి, ఏమేం తెచ్చుకోవాలి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మంచి కాలం. రోహిణి కార్తెలో మొదలుపెట్టి మృగశిరలోపు అయిపోతుందిలే అనుకోవద్దు, సిమెంటు పని తడపడానికే వారం పోతుంది.

☐ 160 ఎంఎం పీవీసీ పైపు ముక్క, కనీసం రెండున్నర అడుగులు (బాత్‌రూమ్‌కి 110 ఎంఎం)
☐ వంటింటికైతే దాని లోపల దూరే జీఐ (జింకు పూత ఇనుము) లేదా అల్యూమినియం గొట్టం, పొయ్యికి సూటిగా పైన ఉంటే ఇది తప్పనిసరి
☐ నాన్ ష్రింక్ గ్రౌట్ (ఆరాక కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం)
☐ పాలిమర్ కలిపే లిక్విడ్, వాటర్‌ప్రూఫ్ పూత, ఫైబర్ జాలి గుడ్డ
☐ పీయూ సీలెంట్, రబ్బరు గాస్కెట్
☐ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు. సముద్రం దగ్గరి ఊళ్లలో మామూలువి రెండేళ్లు కూడా ఆగవు
☐ 1.5 స్క్వేర్ ఎంఎం మూడు తీగల రాగి వైరు, ఎండకి పెళుసెక్కని కాండ్యూట్ పైపు
☐ దోమల జాలి (బాత్‌రూమ్‌కి మాత్రమే), పావురాలు దూరని పెద్ద కళ్ల జాలి

6. కన్నం కోయడం

కోర్ కటింగ్ (గుండ్రటి బిట్‌తో కాంక్రీటుని ముక్కగా కోసే మెషీన్) వాళ్లనే పిలవండి. సుత్తీ ఉలితో కొట్టిస్తే, బ్రేకర్ పెడితే, కన్నం చుట్టూ కంటికి కనపడని పగుళ్లు పుడతాయి, పై నుంచి ఎంత పూత వేసినా నీళ్లు వాటిలోంచి దిగుతాయి. "కోర్ మెషీన్ ఎందుకు సార్, గంటలో కొట్టేస్తా" అని మేస్త్రీ అంటాడు. వద్దనండి.

వరస ఇలా ఉండాలి:

ముందు ఆ గది ఎంసీబీ ఆపేయండి, మెషీన్‌కి కరెంటు వేరే సర్క్యూట్ నుంచి ఇవ్వండి. కింద గది ఖాళీ చేసి ప్లాస్టిక్ షీట్ పరచండి, వంటింటి బల్ల మీద కూడా.

కింద నుంచి మధ్య బిందువులో 10 లేదా 12 ఎంఎం బిట్‌తో చిన్న కన్నం పైదాకా వేయండి. పైన ఎక్కడ తేలిందో చూడండి, మీరు అనుకున్న చోటే ఉందా, టైల్ అతుకు మీద ఉందా, పల్లంలో ఉందా. బాగాలేకపోతే ఈ చిన్న కన్నం పూడ్చుకోవడం సులువు.

పెద్ద కన్నం పైనుంచే కోయాలి. పైపు బయటి కొలత కంటే ముప్పావు అంగుళం పెద్ద బిట్ తీసుకోమనండి, గ్రౌట్ దిగడానికి చుట్టూ చోటుండాలి. టైల్స్, వాలు కాంక్రీటు కన్నం చుట్టూ అడుగు వెడల్పున ముందే తీసేసి అసలు స్లాబు బయటపెట్టండి. ఇది తీయకుండా టైల్స్ మీదే గట్టు కట్టేస్తారు, టైల్స్ కింద పాకిన నీళ్లు గట్టు కిందుగా దూరి కన్నంలోకి దిగుతాయి. మా ఇంటి మచ్చకి సగం కారణం అదే.

కోసిన ముక్క 5 అంగుళాల స్లాబుకి 5 కిలోల పైనే బరువుంటుంది. కింద ఎవరూ నిలబడకూడదు. సీలింగ్‌కి ఆనేలా ఒక పలక, దాని కింద జాకీ లేదా కర్ర ఆనించి ఉంచితే ముక్క పడకుండా అక్కడే నిలుస్తుంది. బురద నీళ్లు ఎలాగూ కారతాయి, బకెట్లు పెట్టండి.

తెగిన ఊచల కొసలు కనపడతాయి. వాటిని వదిలేస్తే తుప్పు పడుతుంది. తుడిచి యాంటీ రస్ట్ పూత పూసి ఆరనివ్వండి.

7. పైపు నిలబెట్టడం

పీవీసీకి సిమెంటుకి చుట్టరికం లేదు. నున్నటి పైపు చుట్టూ సిమెంటు పోస్తే కొన్నాళ్లకి వెంట్రుక మందాన సందు విడుతుంది. అందుకని స్లాబులో కూర్చునే భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, పైపు అంటించే జిగురు పూసి, తడిగా ఉండగానే సన్న ఇసుక చల్లండి. ఆరాక గరుగ్గా తయారవుతుంది, గ్రౌట్ దాన్ని పట్టుకుంటుంది. ప్లంబర్లలో పాతవాళ్లకి ఇది బాగా తెలుసు.

పైపు కింది కొస సీలింగ్‌కి సమానంగా ఉండాలి, పై కొస గట్టు ఎత్తుకి అంగుళం పైన. స్పిరిట్ లెవెల్‌తో నిట్టనిలువుగా ఉందా చూసి, కింద పలక బిగించి, గ్రౌట్‌ని ఒక వైపు నుంచే పోస్తూ రెండో వైపు పైకి వచ్చేదాకా నింపండి. రెండు వైపులా పోస్తే మధ్యలో గాలి బుడగ చిక్కుకుంటుంది. మర్నాటి దాకా ముట్టుకోవద్దు.

8. గట్టు కట్టడం

టైల్స్ మట్టం నుంచి గట్టు ఎత్తు 9 అంగుళాలకి తగ్గకూడదు, అడుగైతే ఇంకా మంచిది. మాకు మొదటిసారి మేస్త్రీ మూడంగుళాలు కట్టాడు, "ఇంత ఎత్తున నీళ్లు ఎప్పుడైనా నిలుస్తాయా" అన్నాడు. వేపాకులు రాలి గొట్టం మూసుకుపోయిన రోజు నిలిచాయి.

ఇటుకతో కట్టినా, చిన్న పెట్టె చేసి కాంక్రీటు పోసినా సరే, బయటి కొలత మాత్రం ఫ్యాన్ అడుగు పలక చూసుకుని నిర్ణయించండి. పలక గట్టు మీద డబ్బా మూతలా కూర్చుని అన్ని పక్కలా కిందికి వంగి ఉండాలి. కాబట్టి ఫ్యాన్ కొని ఇంట్లో పెట్టుకున్నాకే గట్టు కట్టించండి. కొలతలు ఫోన్లో చెప్పించుకుని కట్టిస్తే అర అంగుళం తేడా వచ్చి మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది.

గట్టు స్లాబుని కలిసే మూలలో గోలా తీయించండి, అంటే మూల నిలువుగా కాకుండా గుండ్రంగా వాలుగా. నీళ్లు ఆ మూలలో ఆగకూడదు. పై అంచు బయటి వైపుకి కాస్త వాలుగా ఉండాలి. ప్లాస్టరింగ్‌లో పాలిమర్ లిక్విడ్ కలపండి, వారం రోజులు రోజుకి రెండు మూడు సార్లు తడపండి, గోనె సంచి కప్పితే ఎండకి తొందరగా ఆరిపోదు.

9. వాటర్‌ప్రూఫింగ్, నీళ్ల పరీక్ష

గట్టు పక్కలు, గోలా, తీసేసిన అడుగు వెడల్పు స్లాబు, ఇవన్నీ కలిపి ఒకే పొరలా పూత వేయాలి. మొదటి పూత తడిగా ఉండగానే గోలా మీద ఫైబర్ జాలి గుడ్డ అతికించి, దాని మీద మళ్లీ పూత. ఆరాక రెండోది అడ్డంగా. ఒక్కో పూతకి మధ్య డబ్బా మీద రాసినంత సమయం ఆగండి, సాయంత్రంలోపు ముగించి వెళ్లిపోవాలన్న తొందర పని చేసేవాళ్లకి ఉంటుంది, మీకు ఉండకూడదు.

పూత పూర్తిగా ఆరాక, టైల్స్ మళ్లీ వేయకముందే, చుట్టూ మట్టితో చిన్న కట్ట కట్టి నాలుగంగుళాల నీళ్లు నిలబెట్టండి. 24 గంటలు, కుదిరితే 48. పైపు నోటికి ప్లాస్టిక్ కవర్ కట్టండి, లేకపోతే లోపలికి చిలికిన నీళ్లు చూసి లీకు అనుకుంటారు. కింద సీలింగ్ మీద కన్నం చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పెట్టుకోండి, చెమ్మ పాకితే వెంటనే తెలుస్తుంది.

చెమ్మ కనపడితే పైన సీలెంట్ పూసి సర్దుకోవద్దు. పూత తీసి మళ్లీ వేయడమే. ఇప్పుడు రెండు రోజుల పని, టైల్స్ వేశాక పది రోజుల పని.

10. ఫ్యాన్ కూర్చోబెట్టడం

గట్టు పై అంచు మీద రబ్బరు గాస్కెట్ పరిచి, ఫ్యాన్ కూర్చోబెట్టి, స్క్రూలు గట్టు పక్కల నుంచి అడ్డంగా వేయండి. పై నుంచి కిందికి వేసిన ప్రతి స్క్రూ వాన నీటికి ఒక దారి. స్క్రూ కన్నంలో ముందు కొంచెం సీలెంట్ నొక్కి ఆ తర్వాతే బిగించండి.

తీరప్రాంతం వాళ్లు నాలుగు స్క్రూలతో ఆపొద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మేడల మీద సరిగా కట్టనివి ఏమయ్యాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కో పక్కకి రెండేసి యాంకర్ ఫాస్ట్‌నర్లు, పెద్ద టోపీ ఉంటే స్టీలు తీగతో పిట్టగోడకి కట్టు.

లోపలి వైపు జీఐ గొట్టం, కింద సీలింగ్ దగ్గర తీసి కడుక్కోగలిగే జాలి. వంటింటి చిమ్నీ పొగనీ బాత్‌రూమ్ గాలినీ ఒకే పైపులో కలపొద్దు. రెంటిలో ఒకటి ఆగినప్పుడు ఇంకోదాని వాసన అక్కడ తేలుతుంది.

11. కరెంటు పని

ఇది ఎలక్ట్రీషియన్ పని, మనం పక్కనుండి చూడాల్సినవి ఇవి:

☐ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉందా. తడిసే చోట పెట్టే ఫ్యాన్‌కి ఇది లేకుండా వద్దు
☐ ఎర్త్ వైరు ఫ్యాన్ లోహపు భాగానికి నిజంగా బిగించారా, లేక మడిచి టేపు చుట్టారా
☐ మేడ మీద ఫ్యాన్ పక్కనే వాన తగలని డబ్బాలో ఒక ఐసోలేటర్ స్విచ్. రెక్కలు తుడిచేటప్పుడు కింద ఎవరో స్విచ్ వేయకుండా
☐ వైరు ఫ్యాన్‌లోకి వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. తీగ మీదుగా జారిన వాన చుక్క ఆ వంపులో రాలిపోతుంది
☐ వైరు పైపు కన్నంలోంచి దించొద్దు, దాని దారి దానికి వేరే
☐ బాత్‌రూమ్ స్విచ్ తలుపు బయట

సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ దీనికి తగిలించొద్దు, అన్ని మోటార్లూ దానికి ఒప్పుకోవు, కొన్ని మూలుగుతూ వేడెక్కి కాలిపోతాయి. స్పీడు తగ్గించుకోవాలంటే కంపెనీ ఇచ్చిన కంట్రోలరే.

12. గాలి లోపలికి రావడానికి దారి

ఇది చివర్లో రాస్తున్నా కానీ, ఫ్యాన్ తిరుగుతున్నా పొగ పోవట్లేదు అన్నవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. బయటికి పంపినంత గాలి లోపలికి రావాలి, రాకపోతే ఫ్యాన్ ఉత్తినే గింగిరాలు తిరుగుతుంది. 6 అంగుళాల గుండ్రటి పైపు వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. 30 అంగుళాల తలుపు కింద అంగుళం సందు వదిలితే 30 చదరపు అంగుళాలు. అది చాలు. బాత్‌రూమ్ తలుపు కింద సందు లేకపోతే అడుగున జాలి పెట్టించండి.

పరీక్షకి పరికరం అక్కర్లేదు, పూజగదిలో అగరబత్తి చాలు. ఫ్యాన్ వేసి తలుపు మూసి, వెలిగించిన అగరబత్తి తలుపు కింది సందు దగ్గర పెట్టండి. పొగ గది లోపలికి వంగాలి. తర్వాత సీలింగ్ జాలి దగ్గర పెట్టండి, పొగ చక్కగా పైకి లాగబడాలి. వంటింట్లో ఈ పరీక్ష చేసేముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయండి.

సిలిండర్ మాట వచ్చింది కాబట్టి గ్యాస్ లీకు గురించి కూడా: ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, పైన పెట్టిన ఈ ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని లాగలేదు. వాసన వస్తే ఈ ఫ్యాన్ స్విచ్ కూడా వేయొద్దు, ఆ నిప్పురవ్వే చాలు. తలుపులు, కిటికీలు తీసి బయటికి రండి.

13. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మందు

వాన లేకపోయినా చుక్కలు పడుతున్నాయి. ఇది లీకు కాదు. డిసెంబర్, జనవరిలో వేడినీళ్ల ఆవిరి చల్లటి పైపుకి తగిలి నీరై కారుతుంది. స్లాబు పైన ఉన్న పైపుకి రబ్బరు ఫోమ్ తొడుగు వేయండి, స్నానం అయ్యాక ఫ్యాన్‌ని మరో 15, 20 నిమిషాలు తిరగనివ్వండి.

గాలివాన వచ్చినప్పుడు మాత్రమే చుక్కలు. జల్లు టోపీ కిందుగా దూరుతోంది. టోపీ అంచు పైపు నోటి కంటే కిందికి దిగి ఉండాలి, లేకపోతే పెద్ద టోపీ మార్చండి. గట్టు తవ్వక్కర్లేదు.

ఒకప్పుడు లేని శబ్దం వస్తోంది. రెక్కల మీద జిడ్డు ఒక పక్క పేరుకుని బరువు తేడా వచ్చింది, లేదా పావురం పుల్లలు. కరెంటు ఆపి తుడవండి. శుభ్రం చేశాక కూడా అరుస్తుంటే బేరింగ్.

మొదటి నెల బాగా లాగింది, ఇప్పుడు లాగట్లేదు. జాలి చూడండి. దోమల జాలి కళ్లు వంటింటి జిడ్డుకి నెలరోజుల్లో పూడిపోతాయి. వంటింటికి సన్న జాలి వద్దు, పావురం దూరని పెద్ద కళ్లది చాలు.

ఫ్యాన్ ఆపాక బయటి వాసనలు లోపలికి. షట్టర్ జిడ్డుతో తెరుచుకునే అతుక్కుపోయింది. సబ్బు నీళ్లతో కడిగి, కదులుతోందో లేదో చూడండి.

14. రేకుల కప్పు అయితే

జీఐ రేకుల గదికి గాలికే తిరిగే గుండ్రటి టర్బో వెంటిలేటర్ ఉంటుంది, కరెంటు అక్కర్లేదు, గాలి లేని రోజు పని కూడా తక్కువే. వంటింటి పొగకి దాన్ని నమ్ముకోవద్దు. రేకులో వేసే కన్నం వంపు పల్లంలో కాకుండా ఎత్తు భాగం దగ్గర, వీలైనంత శిఖరానికి దగ్గరగా రావాలి. అడుగు పలక పై అంచు పై రేకు కిందికి దూరాలి, కింది అంచు కింది రేకు మీద ఉండాలి, పెంకు మీద పెంకు పేర్చినట్టు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి చేటు, అలాంటి రేకుకి కన్నం పెట్టే బదులు ఆ ఒక్క రేకు తీసి జీఐది వేసుకోండి. రేకు మీద ఎక్కేటప్పుడు కాలు పలక మీదే వేయాలి, రేకు మీద నేరుగా కాదు.

15. ఏడాదికోసారి, మృగశిరకి ముందు

☐ ఐసోలేటర్ ఆపి రెక్కలు, షట్టర్, జాలి కడగడం
☐ గట్టు మీద, గోలాలో పగుళ్లు చూడటం, ఉంటే అక్కడే పూత
☐ స్క్రూలు బిగుసుగా ఉన్నాయా, తుప్పు పట్టాయా
☐ ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా (ఇది ఏడాదికి కాదు, నెలకోసారి)
☐ మేడ మీద వాన గొట్టం నోట్లో ఆకులు